‘ఇంటికి పోత’ అన్నాడు, ఏ ఇల్లని ఎవరూ అడగలేదు

ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో నేను న్యాయవాదిగా పనిచేస్తున్నాను. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉన్నాను కాబట్టి ఫీజు ఇచ్చుకోలేనివాళ్ల గార్డియన్‌షిప్ కేసులు అప్పుడప్పుడు నా బల్ల మీదికి వస్తుంటాయి. వాటిలో ఒకటి ఇది. ఇలాంటి కేసులో పిల్లవాడి గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద నేరం. అందుకే ఊళ్లు, వృత్తులు, కొన్ని వివరాలు మార్చాను. నేను చేసిన తప్పుల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేపథ్యం

బాబుకు అయిదేళ్లున్నప్పుడు తల్లి జబ్బు చేసి చనిపోయింది. తండ్రికి టౌన్లో సొంత షాపు ఉంది. తాగడు, పేకాట ఆడడు, ఎవరికీ బాకీ లేడు. పిల్లాడి కోసమే మళ్లీ పెళ్లి చేసుకోలేదని వాడకట్టంతా మెచ్చుకునేది. బాబును ఇంగ్లిష్ మీడియం బడిలో వేశాడు, ఏ టర్మ్ ఫీజూ ఆలస్యం చేయలేదు. పిల్లల్ని హింసించే తండ్రి అనగానే సారా వాసన, చినిగిన బనీను మన కళ్ల ముందుకొస్తాయి. ఈయన ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ఫైలుతో వస్తాడు. కేసు పొడుగునా మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టింది ఆ ఇస్త్రీ చొక్కాయే.

తల్లి తరఫున అమ్మమ్మ, చిన్నమ్మ ఉన్నారు. అమ్మమ్మ బీడీలు చుడుతుంది. చిన్నమ్మ కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతుంది, ఆమె భర్త దుబాయ్‌లో పనిచేస్తాడు. ముందు గదిలో మిషన్, వెనక గదిలో తునికాకు చాట. ఆ రెండు గదులే వాళ్ల ఇల్లు.

ఏం జరిగింది

రెండో తరగతిలో ఉండగా ఒకరోజు బాబు పెన్సిల్ పట్టుకోవడం లేదని టీచర్ గమనించింది. అరచెయ్యి తెరిపిస్తే అడ్డంగా కాలిన గీత కనిపించింది, అట్లకాడ అంచంత పొడవున. ఆమె పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసింది. చట్టం చెప్పినట్టే 24 గంటల్లోపు బాబును బాలల సంక్షేమ సమితి ముందుకు తెచ్చారు. పన్నెండు రోజులు చిల్డ్రన్ హోమ్‌లో ఉంచారు. ఆ తర్వాత తండ్రి ఇద్దరు కులపెద్దల్ని వెంటబెట్టుకుని, ఫీజు రసీదుల ఫైలుతో వచ్చాడు. ఇకమీదట చెయ్యి చేసుకోనని స్టాంపు పేపరు మీద రాసిచ్చాడు. ‘ఎక్కడికి పోతవు బాబూ’ అని సమితి వాళ్లు అడిగితే, ‘ఇంటికి పోత’ అన్నాడట. తండ్రితో పంపేశారు.

సమితిని తప్పుపట్టడం తేలికే. వాళ్ల చేతిలో ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టమూ అదే దిక్కు చూపిస్తుంది. పిల్లల్ని పెంచే మొదటి బాధ్యత కన్నవాళ్లదని, హోమ్‌లో ఉంచడం ఆఖరి మార్గమని సెక్షన్ 3లోని సూత్రాలు చెబుతాయి. అదే సెక్షన్‌లో పిల్లల భద్రత, పిల్లల మేలు కూడా ఉన్నాయి. రెండు వైపులా సూత్రాలున్నప్పుడు, ఎదురుగా మర్యాదస్తుడైన తండ్రి చేతులు కట్టుకుని నిలబడితే తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. ఇంటికి పంపినా సంక్షేమ అధికారి పర్యవేక్షణ పెట్టే వీలు సెక్షన్ 37లోనే ఉంది. ఆర్డర్‌లో ఆ మాట రాశారు కూడా. తర్వాత ఆ ఇంటి గడప తొక్కినవాళ్లు ఎవరూ లేరు. నెల తిరక్కముందే తండ్రి బాబు బడి మార్చేశాడు. ఫోన్ చేసిన టీచర్ కళ్లకు బాబు మళ్లీ కనబడలేదు.

దసరాకు అమ్మమ్మ కొత్త బట్టలు పట్టుకెళ్లింది. చొక్కా తొడుగుతుంటే వీపు మీద మూడు మచ్చలు, తొడ మీద ఒకటి. ఒకటి ఇంకా పచ్చిగా ఉంది. ఆమె గొడవ పెట్టుకోలేదు. పండక్కి తీసుకుపోతానని చెప్పి, బడి సంచీతో సహా పిల్లాణ్ని ఆటో ఎక్కించుకుని నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్లింది. అక్కణ్నుంచి పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. అప్పట్లో ఐపీసీ సెక్షన్ 324, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 కింద ఎఫ్ఐఆర్ అయింది. ఈసారి సమితి చిన్నమ్మను ఫిట్ పర్సన్‌గా, అంటే పిల్లవాణ్ని చూసుకోదగ్గ మనిషిగా గుర్తించి బాబును తాత్కాలికంగా ఆమెకు అప్పగించింది. తండ్రి ఆ ఆర్డర్ మీద అప్పీలు వేశాడు. ఫైలు నా దగ్గరికి వచ్చింది అప్పుడే.

ఏ దారి పట్టాలి

మొదటిరోజు చిన్నమ్మ అడిగిన మాట: ‘మేడం, ఆయనకు ఇంక బాబు మీద ఏ హక్కూ లేకుండ చేయరాదా?’

అలా ఒక్క వేటుతో తెంచేసే డిక్రీ మన చట్టంలో లేదు. అమెరికాలో ఉంది. అక్కడ కోర్టు తల్లిదండ్రుల హక్కుల్ని శాశ్వతంగా రద్దు చేయగలదు. అంత పెద్ద నిర్ణయానికి మామూలు సివిల్ కేసులో సరిపోయే రుజువు చాలదని, స్పష్టమైన, నమ్మదగ్గ సాక్ష్యం కావాలని అక్కడి సుప్రీంకోర్టు 1982లో శాంటోస్కీ కేసులో చెప్పింది. పిల్లలు 22 నెలల్లో 15 నెలలు ప్రభుత్వ సంరక్షణలో గడిపితే, కొన్ని మినహాయింపులు పోను, రద్దు పిటిషన్ వేయాలని 1997 నాటి చట్టం అంటుంది. డాలస్‌లో ఉన్న మా చిన్నాన్న కూతురు ఈ కేసు విని, ‘ఇండియాలో ఇంకా ఇంతేనా అక్కా’ అంది. అప్పుడు నాకూ అలాగే అనిపించింది. తర్వాత అభిప్రాయం మారింది, ఎందుకో చివర్లో చెబుతాను.

నా మొదటి ఆలోచన దత్తత. చిన్నమ్మ దత్తత తీసుకుంటే ఇక ఎవరూ విప్పలేని ముడి పడిపోతుంది కదా. కానీ కాగితం మీద పెట్టి చూస్తే దారి మూసుకుపోయింది. హిందూ దత్తత చట్టం సెక్షన్ 9 ప్రకారం తల్లి లేనప్పుడు బిడ్డను దత్తత ఇవ్వాల్సింది తండ్రే. కోర్టు అనుమతితో గార్డియన్ ఇవ్వొచ్చు గానీ, తల్లిదండ్రులు చనిపోయినా, సన్యసించినా, బిడ్డను వదిలేసినా, మతిస్థిమితం లేదని కోర్టు తేల్చినా, కన్నవాళ్లెవరో తెలియకపోయినా మాత్రమే. కాల్చిన తండ్రి ఆ జాబితాలో లేడు. అంటే అట్లకాడ పట్టిన చెయ్యే బిడ్డను ఎత్తి ఇవ్వాలి. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 38 కింద సమితి బాబును దత్తతకు చట్టపరంగా అర్హుడని ప్రకటిస్తుందా అని చూశాను. అది ప్రధానంగా అనాథల కోసం, వదిలేసిన పిల్లల కోసం, కన్నవాళ్లు తామే అప్పగించిన పిల్లల కోసం. ఈ తండ్రి వదిలేయడం సంగతి అటుంచి, వారం వారం సమితి ఆఫీసుకు వచ్చి నా కొడుకును నాకివ్వండి అంటున్నాడు.

మిగిలింది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. దాని సెక్షన్ 19లో ఒక అడ్డుగోడ ఉంది. తండ్రో తల్లో బతికుండి, వాళ్లు అనర్హులని కోర్టు అనుకోకపోతే, ఇంకొకరిని గార్డియన్‌గా నియమించడానికి వీల్లేదు. అదే గోడకు తలుపు కూడా ఉంది: అనర్హుడని చూపగలిగితే నియమించొచ్చు. మన దగ్గర తల్లిదండ్రుల హక్కు గురించిన పోరాటమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

పిటిషనర్‌గా ఎవరిని పెట్టాలన్నది రెండో నిర్ణయం. పిల్లాణ్ని కాపాడింది అమ్మమ్మ. మనసు ఆమె పేరే రాయమంది. కానీ సెక్షన్ 17 గార్డియన్ కాబోయేవాళ్ల శక్తిని కూడా చూడమంటుంది. ఆమెకు అరవై దాటాయి, షుగర్ ఉంది. బాబు మేజర్ అయ్యేసరికి ఆమెకు డెబ్బై పైబడతాయి. అందుకని చిన్నమ్మ పేరు పెట్టాం. ఎదుటివాళ్లు ‘భర్త ఒప్పుకున్నాడా’ అని అడుగుతారని ముందే ఊహించి, ఆయనతో దుబాయ్ భారత కాన్సులేట్‌లో అఫిడవిట్ చేయించి తెప్పించాం. దానికి రెండు నెలలు పట్టింది. ఆ లోపు సెక్షన్ 12 కింద మధ్యంతర ఆర్డర్ తెచ్చుకోవడంతో బాబు చిన్నమ్మ దగ్గరే ఉండిపోయాడు. సమితి ఆర్డర్ మీద తండ్రి వేసిన అప్పీలు కూడా వీగిపోయింది.

ఎక్కడ దెబ్బతిన్నాం

పిటిషన్‌ను నేను క్రిమినల్ కేసు చుట్టూ అల్లాను. నా తప్పు అక్కడే ఉంది. ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు, ఛార్జిషీటు, అన్నీ మొదటి పేజీలోనే పెట్టాను. అక్కడ శిక్ష పడితే ఇక్కడ నా పని సగం అయిపోతుందన్నది నా లెక్క. వాయిదాలు కూడా ఆ తీర్పు కోసమే అడిగాను.

ఆ కేసు కొట్టేశారు. పక్కింటివాళ్లు ఇద్దరూ అడ్డం తిరిగారు. పిల్లాడి ఏడుపు విన్నామని పోలీసులకు చెప్పినవాళ్లే, కోర్టులో మాకేం తెలియదన్నారు. మధ్యలో పెద్దమనుషుల దగ్గర ఏదో మాట జరిగిందని తర్వాత విన్నాను. డాక్టర్ గాయాలు స్వల్పమైనవని రాశాడు. ఎవరు చేశారో సందేహాతీతంగా రుజువు కాలేదని తీర్పు. మరుసటి వాయిదాకే తండ్రి లాయర్ ఆ తీర్పు నకలును ఎగ్జిబిట్‌గా మార్క్ చేయించాడు. ‘నిర్దోషి అని కోర్టే చెప్పింది, ఇంకేం అనర్హత?’ అన్నాడు. నేనే కట్టిన ఇల్లు నా మీదే పడినట్టయింది.

ఆ రాత్రి నీల్ రతన్ కుందు కేసు మళ్లీ తీసి చదివాను. 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. భార్య చావు కేసులో నిందితుడిగా ఉన్న తండ్రికి కింది కోర్టు, హైకోర్టు కొడుకును అప్పగిస్తే, సుప్రీంకోర్టు ఆ తీర్పుల్ని పక్కనపెట్టి పిల్లవాణ్ని తల్లి తరఫు తాత, అమ్మమ్మల దగ్గరే ఉంచింది. తండ్రి మీద కేసు ఉందన్న సంగతినీ, పిల్లవాడి ఇష్టాన్నీ కింది కోర్టులు పట్టించుకోలేదని తప్పుపట్టింది. అంతకుముందు ఎన్నోసార్లు చదివిందే. తండ్రి నేరం చేశాడా అన్నది క్రిమినల్ కోర్టు ప్రశ్న. ఈ పిల్లవాడు ఈ ఇంట్లో భద్రంగా ఉంటాడా అన్నది గార్డియన్ కోర్టు ప్రశ్న. మొదటి ప్రశ్నకు సందేహాతీతమైన రుజువు కావాలి, రెండోదానికి ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తే చాలు. ఈ తేడా లా కాలేజీలో చెబుతారు. నాకు బుర్రకెక్కడానికి ఒక కేసు పాడవ్వాల్సి వచ్చింది.

డైరీ

కొత్తగా ఏ సాక్ష్యం దొరుకుతుందా అని చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. కుట్టుమిషన్ పక్కన మేకుకు బాబు పాత బడి సంచీ వేలాడుతోంది. దసరాకు అమ్మమ్మ ఆటోలో తెచ్చిన సంచీయే. ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది. నేను అంతకుముందు మూడుసార్లు ఆ ఇంటికి వచ్చి, దాని కిందే కూర్చుని చాయ్ తాగి వెళ్లాను.

అందులో స్కూల్ డైరీ ఉంది. స్లిప్ టెస్ట్ మార్కుల కింద టీచర్ ఎర్ర పెన్నుతో రాస్తుంది, పక్కన తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. ఈ తండ్రి సంతకంతో సరిపెట్టలేదు. పదికి అయిదు వచ్చినచోట ‘పనిష్‌మెంట్ ఇచ్చాను’ అని రాశాడు. పదికి నాలుగు వచ్చినచోట ‘గట్టిగా ఇచ్చాను, రిపీట్ కాదు’. ముత్యాల్లాంటి దస్తూరి. అలాంటివి ఏడు లెక్కపెట్టాను. కోర్టు ద్వారా ఆ బడి హాజరు పట్టీ తెప్పించాం. ఏడింటిలో అయిదుసార్లు మర్నాడు బాబు బడికి రాలేదు. ఆఖరిది దసరా సెలవులకు ముందురోజు రాసింది. ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీలో పచ్చి గాయం నాలుగైదు రోజుల కిందటిదని ఉంది. తేదీలు కలిశాయి.

ఫ్యామిలీ కోర్టు చట్టం సెక్షన్ 14 ఇక్కడ బాగా ఉపయోగపడింది. మామూలు సాక్ష్య నిబంధనల ప్రకారం చెల్లకపోయినా, వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకుంటే కోర్టు ఏ నివేదికనైనా తీసుకోవచ్చు. చిల్డ్రన్ హోమ్ కౌన్సెలర్ మొదటి పన్నెండు రోజుల్లో రాసుకున్న నోట్సు అలా రికార్డులోకి వచ్చింది. అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ఇల్లు బొమ్మ గీయమంటే కుట్టుమిషన్, చాట ఉన్న గది గీశాడు.’ సమితి ముందు ఇంటికి పోత అన్నప్పుడు ఆ పిల్లవాడు చెప్పింది ఈ ఇంటి గురించి. ఆ నోట్సు అప్పుడూ ఫైల్లోనే ఉంది.

తండ్రిని క్రాస్ ఎగ్జామినేషన్ చేసే రోజు వచ్చింది. అంతకుముందు వారం నేను తయారుచేసుకున్న ప్రశ్నలన్నీ మచ్చల గురించే. వాటిని పక్కన పెట్టేశాను. మచ్చల గురించి అడిగితే ఆయన కాదంటాడు, చేతిలో నిర్దోషి అన్న తీర్పూ ఉంది. డైరీ చేతికిచ్చి, ‘ఈ రాత మీదేనా’ అని అడిగాను. నాదే అన్నాడు. పనిష్‌మెంట్ అంటే ఏమిటి అన్నాను. ఆయన నన్ను చూడలేదు, జడ్జిగారివైపు తిరిగి వివరించడం మొదలుపెట్టాడు. పిల్లలకు భయం ఉండాలని, తన తండ్రి తనను ఇంతకన్నా ఎక్కువే కొట్టాడని, అందుకే తానీరోజు నలుగురిలో నిలబడ్డానని. ‘అట్లకాడ పొయ్యి మీద పెట్టి చూపించేవాణ్ని. కదలకుంటే తగలదు కద సార్.’ ఆయన గొంతులో అబద్ధం లేదు. తాను చెప్పిన మాటకు అర్థమేమిటో ఆయనకు తెలియలేదు, అంతే.

నేను ఇంకో ప్రశ్న వేయలేదు. జూనియర్‌గా ఉన్నప్పుడైతే పది వేసి ఆ జవాబును పాడుచేసేదాన్ని.

ఛాంబర్

గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 17 ప్రకారం తెలివి తెలిసిన వయసు పిల్లలైతే వాళ్ల ఇష్టాన్నీ కోర్టు చూడొచ్చు. బాబుకు అప్పటికి తొమ్మిదో ఏడు. జడ్జిగారు ఇరుపక్షాల్నీ బయటికి పంపి తన ఛాంబర్లో మాట్లాడారు. లోపల ఏం జరిగిందో నాకు తీర్పు చదివాకే తెలిసింది. ఎవరి దగ్గర ఉంటావని ఆయన నేరుగా అడగలేదు. సెలవులప్పుడు ఏం చేస్తావు, అన్నం ఎవరు పెడతారు, రాత్రి ఎవరి పక్కన పడుకుంటావు అని అడిగారు. మధ్యలో అటెండర్ చాయ్ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టగానే, బాబు కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరుపుకున్నాడట. ఆ సంగతిని జడ్జిగారు తీర్పులో రెండు వాక్యాల్లో రాశారు, ఏ విశేషణమూ లేకుండా.

పిల్లలు తల్లిదండ్రుల ఆస్తీ కాదు, ఆటవస్తువులూ కాదు అని సుప్రీంకోర్టు 1973లో రోజీ జాకబ్ కేసులో అన్న మాటను తీసుకుని, తండ్రి అనర్హుడని తేల్చారు. చిన్నమ్మ బాబుకు గార్డియన్ అయింది. ‘బీడీల ఇంట్లో ఏం భవిష్యత్తు’ అన్న ఎదుటి లాయర్ వాదనకు, డబ్బు తక్కువైతే తండ్రి ఇవ్వాలి అన్నది జవాబు. నెలనెలా బాబు పేర భరణం వేశారు. తండ్రి నెలకు ఒకసారి, రెండు గంటలు, న్యాయ సేవాధికార సంస్థ ఆవరణలో, మరొకరి సమక్షంలో బాబును చూడొచ్చు. తండ్రి హైకోర్టుకు వెళ్లాడు. స్టే రాలేదు.

ఇప్పుడు వెనక్కి చూస్తే

డాలస్ చెల్లెలికి ఇప్పుడు ఇంకో జవాబు చెబుతాను. దత్తత కుదరకపోవడం బాబుకు ఒకరకంగా మేలే చేసింది. దత్తత జరిగుంటే కన్న కుటుంబంతో చట్టబంధం తెగిపోతుంది, తండ్రి షాపులో రేపు అడగడానికి వాటా ఉండదు. ఇప్పుడు వాడు తండ్రికి మొదటి తరగతి వారసుడిగానే, అంటే ఆస్తిలో అందరికన్నా ముందు వాటా అడగగలిగే వరుసలోనే ఉన్నాడు. తండ్రి పెంచే హక్కు పోగొట్టుకున్నాడు, కొడుకు అడిగే హక్కు పోగొట్టుకోలేదు.

దీనికి ఇంకో వైపూ ఉంది, అది నాకు నచ్చదు. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 41 ప్రకారం, తండ్రి ఇక అనర్హుడు కాడని కోర్టు అనుకున్న రోజున చిన్నమ్మ అధికారం ముగిసిపోతుంది. అంటే ఏ క్షణాన్నయినా కొత్త పిటిషన్ రావచ్చు. బాబుకు పద్దెనిమిది నిండేవరకూ ఈ ఫైలు నా బీరువాలోంచి కదలదు. అందుకే తండ్రి బాబును చూడటానికి వచ్చే రోజు ఏం జరిగిందో ప్రతినెలా రాసిపెట్టమని అక్కడి పారా లీగల్ వాలంటీర్‌కు చెప్పాను. మూడో నెలలో తండ్రి లెక్కల గైడు తెచ్చి బాబుకు టెస్ట్ పెట్టబోయాడు. అదీ రాసే ఉంది. ఆరో నెలలో ఏమీ తేలేదు, గంటసేపు ఊరికే కూర్చుని వెళ్లాడు. అదీ రాసే ఉంది, ఎందుకంటే అది కూడా నిజమే.

పనిలో నేను మార్చుకున్నవి రెండు. క్రిమినల్ కేసును ఇప్పుడు పిటిషన్లో ఒక పేరాకు మించి రాయను. తొలిరోజే పిల్లల బడి సంచీ తెమ్మంటాను. సమితి సభ్యులతో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడల్లా, ఇంటికి పోతానన్న పిల్లాణ్ని ఆ ఇల్లు ఎట్లుంటదో చెప్పమని అడగండి అంటున్నాను. ఒకరిద్దరు రాసుకున్నారు.

మొన్న జనవరిలో చిన్నమ్మ ఫోన్ చేసింది. గురుకులం అయిదో తరగతి ప్రవేశపరీక్షకు దరఖాస్తు నింపుతోంది, తండ్రి సంతకం కావాలంటున్నారట. గార్డియన్ అని ఉన్నచోట మీ సంతకం పెట్టి, ఆర్డర్ కాపీ జతచేయమన్నాను. జిరాక్సు వాడు దాన్ని మెషిన్లో పెట్టనంటున్నాడు మేడం అంది. ఎందుకని అడిగితే, తడిసి పాడవుతుందని భయపడి పదకొండు పేజీలూ విడివిడిగా లామినేషన్ చేయించిందట. సర్టిఫైడ్ కాపీకి ఇంకోసారి దరఖాస్తు పెట్టాను.